కోడెదూడకు చేసినది కుక్కకేల చేయము?

పల్నాటి రైతుకు ఈ విషయము కొత్తది కాదు. మాచర్ల, గురజాల ప్రాంతములలో కోడెదూడ కాడికి వచ్చు వయసున దానికి విత్తులు కొట్టించుట తరతరములుగా ఉన్న పద్ధతి. పూర్వము మత్తు లేదు, మందు లేదు. కట్టి పడవేసి నలగగొట్టెడివారు. తరువాత ఇటలీ దేశపు బర్డిజో పేరుగల పట్టకారు వచ్చినది. దానితో నొక్కినప్పుడు చర్మము తెగదు. లోపలి బీజనాళము, రక్తనాళములు మాత్రము నలిగిపోవును. రక్తము అందక వృషణములు కొన్ని వారములలో ఎండి చిన్నవగును. కోడె ఎద్దుగా మారును. అరక దున్నును, బండి లాగును. ఇది పాపమని ఎవరును అనరు.

అదే రైతు ఇంట ఆడకుక్క ఈనినప్పుడు చూడుడు. ఆరు కూనలు పుట్టినవనుకొందము. ఒకటి రెండింటిని చుట్టుప్రక్కలవారు తీసుకొందురు. మిగిలినవి కండ్లు తెరచి ఇంటిలో తిరుగ నారంభించగానే గోనెసంచిలోనికి ఎక్కును. చంద్రవంక ఆవలి ఒడ్డుననో, పొరుగూరి సంత దగ్గరనో ఆ సంచి విప్పుదురు. "ఎవరో పెంచుకొందురులే" అని తిరిగివత్తురు. పాలు మరువని కూన ఎండలో ఎన్ని దినములు బ్రతుకును? కుక్కకు శస్త్రచికిత్స చేయింపుమన్న ఆ ఇంటిలోనే "అయ్యో, నోరులేని జీవము, దానికెందుకా శిక్ష?" అందురు. ఈ జాలి సరియైనదో కాదో తేల్చుకొనుటకు ముందు ఆ చికిత్సలో జరుగునది ఏమిటో తెలియవలెను.

కోడిపుంజు పౌరుషమును గురించి పల్నాటివారికి ఒకరు చెప్పనక్కరలేదు. పల్నాటి వీరుల కథలో కోడిపందెమునకు ఉన్న చోటు అందరికిని తెలిసినదే. ఆ పౌరుషము శరీరములో ఎక్కడ పుట్టుచున్నదో చూపినది మాత్రము జర్మనీ దేశములోని గోటింగెన్ నగరమున బెర్తోల్డ్ అను శాస్త్రజ్ఞుడు 1849 లో ప్రకటించిన ప్రయోగము. ఆయన కొన్ని పడుచు పుంజుల వృషణములను తీసివేసెను. వాటికి తురాయి పెరుగలేదు. కూయుట, పోట్లాడుట మానినవి. మరికొన్నింటికి వృషణమును కోసి, దానికి చేరని మరియొక చోట, కడుపులో పెట్టెను. వీటికి నరముల సంబంధము తెగిపోయినది. అయినను అవి ఎప్పటివలె పుంజులుగానే పెరిగి కూసినవి. అనగా వృషణము నుండి ఏదియో పదార్థము రక్తములో కలిసి దేహమంతయు తిరుగుచున్నదన్నమాట. ఇట్టి పదార్థములకు హార్మోనులను పేరు 1905 లో వచ్చినది. ఈ పుంజుల పౌరుషమునకు మూలమైన టెస్టోస్టెరోన్‌ను 1935 లో వేరుచేసి చూచిరి.

ఇక్కడ విద్యార్థులు తరచుగా ఒక పొరపాటు పడుదురు. పురుషులకు చేయు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలో బీజనాళమును మాత్రమే కత్తిరించి కట్టుదురు. వృషణములు అట్లే ఉండును; హార్మోను ఎప్పటివలె ఊరును. మగకుక్కకు సాధారణముగా వృషణములనే తీసివేయుదురు. కనుక సంతానముతో పాటు ఎదకు వచ్చిన ఆడకుక్క వెంట ఊరంతయు తిరుగుట, దారిలో పోట్లాటలు కూడ చాలవరకు తగ్గును. ఆడకుక్కకు పొట్ట కోసి అండాశయములను, తరచుగా గర్భాశయమును కూడ తొలగింతురు. ఇది మగకుక్క చికిత్సకన్న పెద్దది. రెండింటికిని పూర్తి మత్తు ఇత్తురు. కోడెదూడ పడినంత బాధ కుక్క పడదు.

లాభము సంతానము ఆగుటతో తీరిపోదు. చికిత్స కాని ఆడకుక్కకు వయసు ముదిరినకొలది గర్భాశయము చీముతో నిండు వ్యాధి రావచ్చును. స్వీడన్ దేశపు లెక్కలలో పది ఏండ్లు నిండులోగా నాలుగింట ఒకదానికి ఇది వచ్చినట్లు తేలినది. గర్భాశయమే లేనిచో ఇక చీము పట్టునది ఎక్కడ? మరియొక వ్యాధి ఇంకను విచిత్రమైనది. మన వీధికుక్కల జననాంగములపై కాలీఫ్లవరు వలె ఎఱ్ఱని కంతి కనబడుచుండును. అది ఒక కాన్సరు. సూక్ష్మజీవి వలన కాక, కాన్సరు కణమే ఒక కుక్క నుండి మరియొక కుక్కకు సంగమములో అంటుకొని పెరుగును. వేల సంవత్సరముల క్రిందట ఆసియాలో ఏదో ఒక కుక్కలో పుట్టిన కణసంతతి నేటికిని ప్రపంచమంతట కుక్కలపై బ్రతుకుచున్నదని 2019 లో ప్రకటింపబడిన జన్యు పరిశోధన తెలిపినది.

నష్టములు లేవని చెప్పుట సత్యము కాదు. ఆకలి పెరిగి, తిరుగుడు తగ్గి, కుక్క లావెక్కును, తిండి తగ్గింపవలెను. కొన్ని ఆడకుక్కలకు మూత్రము పట్టు తప్పును. పెద్ద జాతుల కుక్కలకు మరీ చిన్న వయసున చేసినచో కీళ్ల జబ్బులు రావచ్చును గనుక వయసును పశువైద్యుడే నిర్ణయింపవలెను. నాటుకుక్కకు సాధారణముగా ఆరు నెలలు నిండిన తరువాత చేయుదురు.

ఒక జత కుక్కలు ఆరేండ్లలో 67,000 కుక్కలగునని గోడపత్రములలో వ్రాయుదురు. ఆ లెక్క కాగితముపై సరియే గాని వీధిలో కాదు. పశ్చిమ బెంగాలు వీధికుక్కలను గమనించి 2016 లో ప్రచురించిన పరిశీలనలో ఐదింట నాలుగు కూనలు ఈనిక వయసుకు రాకుండగనే చనిపోయినవి; వాటిలో సగముకన్న ఎక్కువ చావులకు మనుష్యులే ఏదో విధముగా కారణము. సంఖ్య పెరుగదని ఊరడిల్లుటకు ఇది తగిన కారణమా?

బ్రతికినవి వీధి పాలగును. మనుష్యులకు వచ్చు రేబీస్‌లో దాదాపు అంతయు కుక్కకాటు వలన వచ్చునదే. లక్షణములు పైకి వచ్చిన తరువాత దానికి మందు లేదు. బొడ్డుచుట్టు వేయించుకొన్న 14 సూదులు మన పెద్దలకు ఇంకను జ్ఞాపకమే. ఆ పాత టీకా 2005 నాటికి మన దేశమున ఆగిపోయి, చేతికి వేయు సూదులు వచ్చినవి. కుక్కలను పట్టి చంపుట వలన లాభము లేదని అనుభవము చూపినది. ఖాళీ అయిన వీధికి ప్రక్క వీధి కుక్కలు వచ్చి చేరును. చెన్నపట్టణములో బ్లూక్రాస్ సంస్థ 1960 దశకమునుండి చెప్పుచు వచ్చిన మార్గమును నగరపాలక సంస్థ 1996 లో చేపట్టినది: పట్టుట, చికిత్స చేయుట, టీకా వేయుట, తిరిగి ఆ వీధిలోనే విడచుట. దేశమంతటికి 2001 లో నియమములు వచ్చినవి; వాటి స్థానమున 2023 లో కొత్తవి వచ్చినవి. అయితే ఇండ్లలోని కుక్కలు వీధిలోనికి కూనలను పంపుచునే ఉన్నచో ఈ పని కుండకు చిల్లి ఉంచి నీరు పోసినట్లే.

నరసరావుపేట వంటి పట్టణములలో పశువైద్యశాలకు పోయి ముందు అడుగవలెను. చికిత్సకు ముందురాత్రి నుండి తిండి పెట్టరాదు. తరువాత సుమారు పది దినములు కుట్లను నాకనీయరాదు, నీటిలో దిగనీయరాదు. రేబీస్ టీకా వేరు; చికిత్స అయినదని దానిని మానరాదు.

పిల్లిని పెంచువారికి ఒక మాట. కుక్క సాధారణముగా ఏటికి రెండుమారులు ఎదకు వచ్చును. పిల్లి అట్లు కాదు. ఈనిన కొన్ని వారములకే, పిల్లలు పాలు త్రాగుచుండగనే, మరల చూలు కట్టగలదు. పాలు మాన్పించిన తరువాత తీరికగా పోవుదమని ఆగువారు తల్లిపిల్లిని ఆ మధ్యకాలమున ఇల్లు దాటనీయరాదు.