అర్ధరాత్రి సైరన్... తీరా చూస్తే బల్లి!

మొన్న శ్రావణంలో మా వెనక వీధిలో దొంగలు పడ్డారు. ఇంటిల్లిపాదీ పెళ్ళికి వెళ్ళి రెండోరోజు తిరిగొచ్చేసరికి బీరువా బార్లా తెరిచి ఉందట. ఆ కబురు విన్నప్పటినుంచీ మా అత్తయ్యగారికి కంటిమీద కునుకు లేదు. మావారికి నెలలో పది రాత్రులు డ్యూటీ. అమ్మాయి హైదరాబాదులో హాస్టల్లో ఉంటుంది. ఇంట్లో ఉండేది నేనూ, డెబ్బై ఎనిమిదేళ్ళ ఆవిడానూ. ఇక లాభంలేదని వైర్లు లేని అలారం సెట్టు ఒకటి కొన్నాం.

సెట్టంటే పెద్ద యంత్రమేం కాదండీ. టిఫిన్ డబ్బా అంత ప్యానెల్, ఒక సైరన్, తలుపులకు పెట్టే సెన్సార్లు మూడు, గదిలో మనిషి కదిలితే పసిగట్టేవి రెండు. గోడలకు చిల్లులు పొడిచి వైర్లు లాగే పనిలేదు. బిగించడానికొచ్చిన కుర్రాడు ముప్పావుగంటలో అన్నీ అతికించేసి, సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు.

మూడోరోజు రాత్రి రెండున్నరకి సైరన్ మోగింది. అత్తయ్యగారు కంగారుగా మంచం దిగబోయి కూలబడ్డారు. వీధిలోవాళ్ళు కర్రలు పుచ్చుకుని పరిగెత్తుకొచ్చారు. టార్చి వేసి చూద్దుం కదా, హాల్లో సెన్సార్ మీద బల్లి! మర్నాడు ఆవిడని డాక్టరుకి చూపించడానికి తీసుకెళ్తే సాయంత్రం ఖాళీ ఇంట్లో మళ్ళీ మోగింది. ఎముక విరగలేదని తెలిసిన సంతోషం కాస్తా ఆటోలోనే ఎగిరిపోయింది. ఈసారి నలుగురే వచ్చారట. ఆ వారంలోనే, గాలివాన రాత్రి మూడోసారి. ఎదురింటివాళ్ళు కిటికీ కూడా తెరవలేదు.

నాకు గుండె జారిపోయింది అప్పుడే. రేపు నిజంగా దొంగ వస్తే? నాన్నా పులి కథే కదా!

మావారు పీకి అటకమీద పడేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. చదివింది ఇంటర్మీడియట్టే అయినా, పుస్తకం ముందేసుకు కూర్చుంటే అర్థం కానిదేముంది? అప్పుడే మా అమ్మాయి ఫోన్లో ఒక సంగతి చెప్పింది. న్యూయార్కులో మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అని ఒక నర్సు ఉండేదట. భర్తా తనూ వేళకాని వేళల్లో ఉద్యోగాలు చేసేవారు. ఒంటరిగా ఉన్నప్పుడు భయంగా ఉంటోందని, వీధితలుపు దగ్గర కెమెరా, పడగ్గదిలో టీవీ, నొక్కితే అలారం మోగే బటన్... ఇవన్నీ కలిపి భర్తతో కలిసి తయారుచేసి 1969లో పేటెంటు తీసుకుంది. ఆవిడకీ నాకూ పోలికేమిటనకండి. భయం ఒకటే కదా!

ముందు బల్లి సంగతి. గదిలో పెట్టే సెన్సారు కెమెరా కాదు, బొమ్మ తీయదు. మనిషి ఒంటి వేడి అటూఇటూ కదిలితే పసిగడుతుంది. కానీ దాని ముఖంమీదే బల్లి పాకితే మనిషీ బల్లీ దానికి ఒకటే. కుర్రాడు దాన్ని సరిగ్గా ట్యూబులైటు కిందే పెట్టాడు. దీపానికి పురుగులు, పురుగులకి బల్లులు. ఈ ముక్క తెలియడానికి ఇంజనీరింగ్ చదవాలా, చెప్పండి? దాన్ని అక్కణ్ణించి తీసి, లైటుకి దూరంగా మూలన ఏడడుగుల ఎత్తులో పెట్టాం. మనిషి దానికి ఎదురుగా నడిచొచ్చేకన్నా అడ్డంగా దాటితే బాగా పసిగడుతుంది. అందుకే నడిచే దారి పక్కనుంచి చూసేటట్టు తిప్పాం.

రెండోసారి మోగడానికి కారణం పడమటి కిటికీ. సాయంత్రపు ఎండకి కర్టెన్ కాగి, గాలికి ఊగింది. ఆ సెన్సార్‌ని కిటికీకి వీపు తిరిగేలా మార్చాం. పొయ్యివైపు, ఏసీ గాలి తగిలేవైపు కూడా పెట్టకూడదు.

మూడోది పెరటితలుపు. తలుపు సెన్సార్‌లో రెండు ముక్కలుంటాయి. చిన్నదాంట్లో అయస్కాంతం, పెద్దదాంట్లో అయస్కాంతం దగ్గరుంటే అతుక్కుని ఉండే సన్నని రేకులు. తలుపు తెరవగానే అయస్కాంతం దూరమై రేకులు విడిపోతాయి, ప్యానెల్‌కు కబురు వెళుతుంది. మా తలుపు పాతకాలపు చెక్కది. వానలకి ఉబ్బి, గడియ వేసినా పైన వేలెడు సందు ఉంటుంది. గాలికి ఊగితే దొంగ తీసినట్టే లెక్క! వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టించాను. రెండు ముక్కల మధ్యా సెంటీమీటరు మించకుండా, గడియ వైపు బిగించాం. ఇనుప గ్రిల్లు తలుపయితే నేరుగా అతికించకండి, ఇనుము అయస్కాంతం బలాన్ని తగ్గించేస్తుంది. మధ్యలో చెక్కముక్క పెట్టాలి. సున్నం గోడకి టేపు నిలవదు, మరలు వేయాల్సిందే.

ఇంకో పొరపాటుంది. ప్యానెల్‌ని కనపడకుండా ఇనుప బీరువా వెనక పెట్టాం. సెన్సార్లు పంపే కబురుకి ఆ ఇనుమే అడ్డం. బయటికి తెచ్చి, నేను ఒక్కో తలుపూ తీస్తుంటే మావారు ఫోన్‌లో చూసి "వచ్చింది" అని చెప్పారు. అన్ని తలుపులకీ అలా చూసుకోవాలి. కరెంటు పోతే ప్యానెల్‌కి సొంత బ్యాటరీ ఉంది గానీ వైఫై డబ్బాకి లేదు. దాన్ని ఇన్వర్టరు మీదకి మార్చాం.

అన్నిటికన్నా ముఖ్యమైనది కుర్రాడు చెప్పనే లేదు. 'హోం' అనే బటన్ నొక్కితే గదుల్లో సెన్సార్లు పనిచేయవు, తలుపులవే పనిచేస్తాయి. మనుషులున్న ఇంట్లో రాత్రిళ్ళు అదే పెట్టుకోవాలి. లేకపోతే అత్తయ్యగారు బాత్‌రూంకి లేచినా మోత మోగాల్సిందే.

తర్వాత నేనే ఇంటింటికీ వెళ్ళి సంగతి చెప్పుకున్నాను. "ఆదివారం పదకొండింటికి ఒకసారి మోగించి చూస్తాం, ఆ తర్వాత మోగితే మాత్రం నిజమనుకోండి" అన్నాను. ఎదురింటి పిన్నిగారు నవ్వి, "బల్లికి కూడా చెప్పావా అమ్మాయ్?" అన్నారు. అయినా ఆదివారం గుమ్మంలోకొచ్చి నిలబడ్డారు. అదే చాలు నాకు.

రెండు నెలలైంది, అనవసరంగా ఒక్కసారీ మోగలేదు. ఎర్ర బటన్ ఉన్న రిమోట్ అత్తయ్యగారి దిండు పక్కనే ఉంటుంది. బ్యాటరీలు వేసిన తేదీ క్యాలెండరు మీద రాసుకున్నాను. పెరటితలుపుతోనే ఇంకా పని ఉంది. చలికాలానికి చెక్క ఆరి బిగుసుకుంటుందని వడ్రంగి చెప్పాడు. అప్పుడు ఆ సందు మళ్ళీ కొలుచుకోవాలి.