ఎండ కాసిందని మంచు వాలు ఎక్కరాదు!

బేగంపేట: నగరవాసులకు వాతావరణ సమాచారమంటే బేగంపేట కేంద్రం చెప్పేదే. వర్షం వెలిసిందంటే ప్రయాణానికి అభ్యంతరం లేదని అర్థం. శీతకాలంలో ట్రెక్కింగ్‌ నిమిత్తం ఉత్తరాఖండ్‌, హిమాచల్‌ప్రదేశ్‌లకు వెళ్లేవారు అక్కడా ఇదే లెక్క వేసుకుంటే ప్రాణాలకే ముప్పు. భారీగా మంచు కురిసి, ఆకాశం నిర్మలమై, ఎండ కాసిన తొలి రోజున మంచు చరియల ప్రమాదం పొంచి ఉంటుంది.

ఎందుకు జారుతుంది?

కొండవాలుపై మంచు ఒకే ముద్దగా ఉండదు, పొరలుగా పేరుకుంటుంది. మంచు పలుచగా ఉండి చలి ముదిరిన రోజుల్లో అడుగు పొర పంచదార పలుకుల్లా పొడిపొడిగా మారుతుంది. దానిపై కొత్త మంచు పడి, గాలికి పలకలా బిగుసుకుంటే, ఏటవాలుగా పోసిన ఇసుకపై షాబాదు బండ పరచినట్లే. అది కదలడానికి ఒక్క మనిషి బరువు చాలు. 30 నుంచి 45 డిగ్రీల వాలులు ఇందుకు అనువైనవి. కింద చదునైన బాటలో నడిచేవారిపైనా పైవాలు విరుచుకుపడవచ్చు. కాళ్ల కింద గుప్పుమని శబ్దం వచ్చినా, మంచుపై పగుళ్లు పాకినా వెంటనే వెనుదిరగాలి.

శిక్షణ ఉన్నవారికీ ఈ ముప్పు తప్పలేదు. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో మద్రాస్‌ రెజిమెంట్‌కు చెందిన పదిమంది మంచు కింద చిక్కుకున్నారు. వారిలో మన కర్నూలు జిల్లా జవానూ ఉన్నారు. ఆరు రోజుల తర్వాత ప్రాణాలతో బయటపడిన హనుమంతప్ప కూడా ఆస్పత్రిలో కన్నుమూశారు. 2022 అక్టోబరు 4న ద్రౌపది కా దండా శిఖరంపై ఉత్తరకాశీ పర్వతారోహణ సంస్థ బృందంలో 29 మంది బలయ్యారు. అదీ శీతకాలం రాకముందే!

పది నిమిషాలే గడువు

మంచులో కూరుకుపోయిన వారిని పది నిమిషాల్లోపు వెలికితీస్తే అత్యధికులు బతుకుతారు. అరగంటకు ఆ అవకాశం మూడో వంతుకు పడిపోతుంది. అంత తక్కువ సమయంలో హెలికాప్టర్‌ రాదు. కాపాడగలిగేది పక్కనున్న సహచరులే. అందుకే బృందంలో ప్రతి ఒక్కరి వద్దా సంకేతాలు పంపే ట్రాన్సీవర్‌, మంచులో గుచ్చి వెదికే పొడవాటి కడ్డీ, పార తప్పనిసరి. ఒక్క గైడ్‌ వద్ద ఉంటే సరిపోదు. కూరుకుపోయింది గైడే అయితే తవ్వేదెవరు? ప్రమాదకరమైన వాలును ఒకేసారి అందరూ కాక, ఒకరి తర్వాత ఒకరు దాటాలి.

డీఆర్‌డీవోకు చెందిన చండీగఢ్‌లోని డీజీఆర్‌ఈ సంస్థ హిమాలయ జిల్లాలకు మంచు చరియల హెచ్చరికలు వెలువరిస్తుంది. ఇలాంటి హెచ్చరికల్లో ఐదు స్థాయిలుంటాయి. మూడంటే మధ్యస్థమే కదా అని తేలిగ్గా తీసుకోరాదు. ఐరోపాలో ఎక్కువమంది మరణించేది మూడో స్థాయి రోజుల్లోనే. డబ్బు చెల్లించే ముందే నిర్వాహకులను మరో మాట కూడా అడగాలి. హెచ్చరిక వల్ల మధ్యలో వెనుదిరిగితే సొమ్ము తిరిగి ఇస్తారా, లేదా మరో తేదీకి అవకాశం ఇస్తారా అని. సమాధానం కాగితంపై రాయించుకోవడం మంచిది. కట్టిన డబ్బు పోతుందన్న బెంగతోనే చాలామంది ముందుకు వెళ్తుంటారు మరి.