విగ్గు వృత్తాంతము

రోమక చక్రవర్తుల కాలమున తూర్పుదేశములనుండి దిగుమతియగు సరకులలో సుంకము చెల్లింపవలసినవి యివి యని వ్రాయబడిన యొక పట్టిక, ఆఱవ శతాబ్దమున జస్టీనియన్ చక్రవర్తి కూర్పించిన ధర్మశాస్త్ర సంపుటమునందు చేరి, నేటికిని నిలిచియున్నది. పిప్పళ్లు, దంతము, పట్టు, రత్నములు మున్నగువాని సరసన భారతదేశపు తలవెండ్రుకలును అందు పేర్కొనబడినవి. మన దేశపు కురులు సముద్రములు దాటి పరుల శిరస్సులకు అలంకారములగుట నిన్న మొన్నటి వర్తకము కాదనుటకు ఇంతకంటె సాక్ష్యము వలదు.

విగ్గు రోమకులకంటెను ప్రాచీనమైనది. ప్రాచీన ఈజిప్టున, నైలు నదీతీరమందలి ఉన్నతవంశీయులు ఎండతాపమునకును పేల బాధకును ఓర్వలేక తలలు గొఱిగించుకొనియో, కురచగా కత్తిరించుకొనియో, వేడుకలయందు కృత్రిమ కేశములు ధరించుచుండిరి. థీబ్స్ నగరమున దొరకి లండనులోని బ్రిటిష్ మ్యూజియమున భద్రపఱుపబడిన విగ్గొకటి మూడువేల యేండ్లకు పైబడినది. అది నిజమైన మానవకేశములతో కూర్చి, తేనెమైనమును చెట్టుజిగురును పట్టించినది. తేనెమైనము కరగవలెనన్న సుమారు 62 డిగ్రీల సెల్సియస్ వేడి కావలెను గనుక ఈజిప్టు ఎండకుకూడ ఆ విగ్గులోని ఉంగరముల కురుల మెలికలు సడలకుండెను. రసాయనశాస్త్ర మెఱుగని ఆ పనివారు ద్రవ్యముల స్వభావమును ఎంత సూక్ష్మముగా గ్రహించిరో కదా!

వెండ్రుక నిర్మాణము తెలియనిదే విగ్గు మర్మము బోధపడదు. కెరటిన్ అను మాంసకృత్తు తంతువులు కట్టలుకట్టలుగా పెనగొనియున్న నడిమి భాగమును, ఇంటికప్పు పెంకులవలె ఒకదానిపై నొకటి యెక్కిన సన్నని పొలుసులు కప్పియుండును. వాని అంచులన్నియు కొనవైపునకే తిరిగియుండును. అందుచే పొడవాటి వెండ్రుకను వ్రేళ్లనడుమ నుంచి మొదటినుండి కొనకు దువ్వినచో నునుపుగా జాఱును, కొననుండి మొదటికి దువ్వినచో గఱుకుగా తగులును. విగ్గులో కొన్ని కేశములు అటును కొన్ని యిటును తిరిగియున్నచో, ఎదురెదురు పొలుసులు ఒకదానినొకటి పట్టుకొని, కడిగినకొలదిని చిక్కుపడి, తుదకు విప్పరాని ముద్దయగును. కావున పొడవుకంటెను రంగుకంటెను మొదళ్లన్నియు ఒకే వైపున నుండుటయే పనివానికి ప్రధానము. అట్టి సరకును వర్తకులు రెమీ యందురు. మన వీథులలో చిక్కువెండ్రుకలకు బదులుగా పిన్నీసులో గిన్నెలో ఇచ్చిపోవువారు సేకరించు కేశములకు ఈ వరుస యుండదు. వానిని ఆమ్లమున ముంచి పొలుసులు తొలగించి, సిలికోన్ పూత పూయుదురు. ఆ పూత తలంటులకు అరిగిపోవువఱకే వాని తళుకు.

తిరుమల కల్యాణకట్టలో భక్తులర్పించు తలనీలాలకు దేశాంతరములయందు గిరాకి కలుగుటకు కారణమును ఇదియే. ముడివేసి తీసిన పొడవాటి జడలలో మొదళ్లు చెదరవు. దేవస్థానమువారు పొడవునుబట్టి వేఱుచేసి వేలము వేయుదురు. వివాహితలు కురులు కప్పుకొనవలెనను ఆచారముగల సనాతన యూదు స్త్రీలు విగ్గులు ధరింతురు; వానిలో ఇట్టి కేశములతో చేసినవియు నుండెను. 2004వ సంవత్సరమున, తిరుమల కేశములు అన్యదేవతారాధనలో భాగమైనవని వారి గురువులు తీర్పు చెప్పగా, న్యూయార్కునందలి బ్రూక్లిన్ వీథులలో విగ్గులను రాశులుపోసి కాల్చిరి. అర్పించినవారి భక్తియు త్యజించినవారి నియమమును రెండును గౌరవింపదగినవే యని నా తలంపు.

ఐరోపాలో 1624 ప్రాంతమున ఫ్రాన్సు రాజు పదమూడవ లూయీ విగ్గు ధరింపగా, అది సభామర్యాదయై రెండు శతాబ్దములకు సమీపముగా నిలిచెను. 1795లో బ్రిటను ప్రధానమంత్రి పిట్టు, విగ్గులకు చల్లు కేశచూర్ణముపై ఏటికొక గినీ పన్ను విధించుటతో దాని ప్రాభవము మఱింత తగ్గెను. న్యాయస్థానములలో మాత్రము నిలిచిన విగ్గునకు 1822లో హంఫ్రీ రేవెన్స్‌క్రాఫ్టు గుఱ్ఱపు వెండ్రుకలతో, చూర్ణము అక్కఱలేని, ఉంగరములు చెడని రూపము కల్పించి పేటెంటు పొందెను.

అప్పటికిని ఇప్పటికిని శ్రేష్ఠమైన విగ్గు చేతిపనియే. సన్నని వలపై కొక్కెపు సూదితో ఒకటి రెండు వెండ్రుకలుగా ముడివేయుచు పోవలెను గనుక ఒక్క విగ్గునకు వారములు పట్టును. గత శతాబ్దపు నడిమినుండి వచ్చిన మోడాక్రిలిక్ తంతువులు చౌకయైనవి, పెట్టిన వంపును విడువనివి. కాని అధికమైన వేడికి మెత్తబడి చెడును. మన స్త్రీలు జడకు చేర్చు సవరములును నేడు చాలవఱకు కృత్రిమ తంతువులవే.

వేషమునకును హోదాకును పనికివచ్చిన ఈ వస్తువు నేడు రోగులకు ఊఱట యగుచున్నది. క్యాన్సరు మందులు వేగముగా విభజన చెందు కణములను దెబ్బతీయును. కేశమూలమందలి కణములును అట్టివే గనుక, చికిత్స మొదలైన రెండు మూడు వారములకు జుట్టు రాలుట ఆరంభించును. చికిత్స ముగిసినపిదప మరల మొలచువఱకు ఆ రోగికి విగ్గు గొప్ప ఆసరా. అట్టివారికై కేశదానము చేయదలచు పాఠకులారా, ఆరిన జుట్టును మొదటికడ బిగించి కట్టించి, ఆ కట్టుకు పైభాగమున కత్తిరింపించుడు. సామాన్యముగా పండ్రెండంగుళముల పొడవు కావలెను. నేలరాలిన కురులను ఏఱి యిచ్చినచో పనికిరావు.