శుభం కార్డు పడని కథ!

తాగుబోతు వేషానికి మన తెలుగు తెర మీద ఉన్నంత గ్లామరు మరే వేషానికీ లేదేమో! 1953లో 'దేవదాసు'గా అక్కినేని తూలుతూ నడిచిన నడకని మన తాతలు చూశారు, నాన్నలు చూశారు, మనమూ చూశాం. 1983లో 'సాగర సంగమం'లో కమల్ హాసన్ తాగిన మైకంలో బావి మీద నాట్యం చేస్తుంటే ఊపిరి బిగబట్టాం.

ఆ నడక మా ఇంట్లోనూ ఒకరికి వచ్చు. మా అమ్మాయికి. వయసు ఆరేళ్ళు!

పోయిన దసరాకి మా ఇంట్లో బొమ్మల కొలువు. పేరంటానికి వచ్చిన ఆడవాళ్ళ మధ్య మా అమ్మాయి కళ్ళు సగం మూసి, తూలుతూ నాలుగడుగులు వేసింది. "అచ్చం దేవదాసే!" అని అందరూ ఒకటే నవ్వు. "దేవదాసెవరు? నేను నాన్నలా నడుస్తున్నా" అంది పిల్ల. నవ్వులు ఆగిపోయాయి. మా ఆవిడ మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. పక్కగదిలో నేను అంతా విన్నాను.

సినిమా కబుర్లు రాసి బతికేవాణ్ణి. 'పరిచయాల కోసం తాగుతున్నా' అన్నది నా పాత డైలాగు. ఒకసారి ఇంటర్వ్యూకి తాగే వెళ్ళాను. అడిగిన ప్రశ్నే మళ్ళీ మళ్ళీ అడిగానట! ఆ తారామణి మర్యాదగా లేచి వెళ్ళిపోయింది. అప్పుడు కూడా బుద్ధి రాలేదు. పేరంటం రోజున మాత్రం వచ్చింది.

మర్నాడే ఒక డాక్టరు దగ్గరికి వెళ్ళాను. "రోజూ బాగా తాగేవాళ్ళు హీరోలా ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి కూడా రావచ్చు" అని ముందు మందులిచ్చారు. తరవాత, "మందుల పని ఇంతవరకే. ఇక 'ఆల్కహాలిక్స్ అనానిమస్' వాళ్ళని కలవండి" అంటూ నెంబరు రాసిచ్చారు. రెండుసార్లు డయల్ చేసి పెట్టేశాను. మూడోసారి అవతలి గొంతు తొందరపడకుండా అడిగింది: "మీ కోసమేనా?" ఔనన్నాను. "సాయంత్రం ఏడింటికి రండి. మీరొక్కరే కాదు బాబూ, మేమూ అంతే."

సికిందరాబాదులో ఒక చర్చి వెనక గది. ఎదురుగానే వైన్ షాపు! ఏ దర్శకుడు పెట్టాడో ఈ సెట్టింగు అనుకుంటూ రోడ్డు మీద పావుగంట నిలబడ్డాను. చివరికి గది వైపే నడిచాను.

నీతిబోధ చేస్తారేమో, మతం మాటలు చెబుతారేమో అనుకున్నా. అదేం లేదు. ప్లాస్టిక్ కుర్చీలు, గ్లాసులో టీ. ఫీజు లేదు, చివర్లో తిరిగే సంచీలో ఇష్టమైతే వేయొచ్చు, లేకపోతే లేదు. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటుంటే చాలు, సభ్యుడే. ఒకరు మాట్లాడుతుంటే మరొకరు అడ్డు రారు, సలహా ఇవ్వరు.

నా తటపటాయింపు కనిపెట్టి ఒక పెద్దాయన ఈ సంఘం పుట్టిన కథ చెప్పారు. 1935 మే నెల. బిల్ విల్సన్ అనే న్యూయార్కు స్టాక్ బ్రోకరు అమెరికాలోని ఏక్రన్ ఊళ్ళో హోటల్ లాంజిలో నిలబడ్డాడు. వచ్చిన వ్యాపారం చెడింది. తాగుడు మాని అయిదు నెలలే అయింది. ఒక పక్క బారు, మరో పక్క టెలిఫోను! ఫోనెత్తి, తనలాంటి తాగుబోతు ఈ ఊళ్ళో ఎవరైనా ఉన్నారా, మాట్లాడాలి, అని చర్చి వాళ్ళని అడిగాడు. అలా దొరికాడు బాబ్ స్మిత్ అనే సర్జను. పావుగంటలో పంపించేద్దామనుకున్న డాక్టరుగారు ఆయనతో గంటల తరబడి మాట్లాడారు. ఆ జూన్ 10న డాక్టరు తాగిందే ఆఖరుది. సంఘం తన పుట్టినరోజు ఆ తేదీనే జరుపుకుంటుంది.

విన్నాక రోడ్డవతలి వైన్ షాపు గుర్తొచ్చి ఒళ్ళు జలదరించింది. ఒక తాగుబోతు మాట మరో తాగుబోతుకే ఎక్కుతుంది. కిటుకంతా అదే!

నా వంతొచ్చింది. పేరు చెప్పి, "నేను ఆల్కహాలిక్‌ని" అన్నాను. చప్పట్లు లేవు, వయొలిన్ల మోత లేదు. "థాంక్స్" అని పక్కాయన మొదలుపెట్టారు. అంతే! సినిమాలో అయితే చెంపదెబ్బ ఒకటి పడగానే హీరో మారిపోతాడు. ఇక్కడ రోజూ మారాలి, ఇవాళ్టి ఒక్క రోజుకి మొదటి గ్లాసు ముట్టకుండా. అయిదో వారంలో నేను మళ్ళీ తాగాను. తలొంచుకుని వెళితే, నా కుర్చీ ఖాళీగానే ఉంది.

జాక్ లెమన్ నటించిన 1962 నాటి 'డేస్ ఆఫ్ వైన్ అండ్ రోజెస్' దొరికితే చూడండి. ఈ సంఘం సాయంతో భర్త మానతాడు, భార్య మానలేక వెళ్ళిపోతుంది. శుభం కార్డు లేని నిజమైన సినిమా!

మీలో ఎవరింట్లోనైనా ఇలాంటి నాన్నో అన్నయ్యో ఉంటే, తప్పు మీది కాదు. బిల్ భార్య లోయిస్ కలిసి ప్రారంభించిన 'అల్-అనాన్' 1951 నుంచీ కుటుంబాల కోసమే నడుస్తోంది.

అక్కడ విన్న ఇతరుల కథలు ఇక్కడ రాయను. ఈ వ్యాసానికి నా పేరూ ఉండదు. పత్రికల్లో, రేడియోలో, సినిమాల్లో సభ్యులు పేరు బయటపెట్టుకోరాదన్నది వాళ్ళ పదకొండో సంప్రదాయం. సినిమా వాళ్ళు రాసుకున్నట్టే లేదూ!

ఇవాళ్టికి 211 రోజులు. గేటు చప్పుడైతే మా అమ్మాయి ఇప్పటికీ ముందు నా కాళ్ళకేసి చూస్తుంది, ఆ తరవాతే మొహంకేసి.