అంతస్తుల వెంట సాగే పనులు: వేగాల పొత్తు

పది అంతస్తుల అపార్టుమెంటులో ఒకే పని పదిసార్లు జరుగుతుంది. ఇటుక పనివారు ఒక అంతస్తు ముగించి పైకి వెళ్తే, వారి వెనకే ప్లాస్టరింగ్ బృందం, ఆ వెనక టైల్స్ వేసేవారు. రోడ్లు, పైపులైన్లు, సొరంగాలు కూడా ఈ కోవలోవే. 1957లో డ్యూపాంట్ సంస్థలో రూపుదిద్దుకున్న క్రిటికల్ పాత్ పద్ధతి ఏ పని తర్వాత ఏ పనో చెబుతుంది. పనివారు మధ్యలో ఖాళీగా కూర్చోవలసి వస్తుందా అన్నది దానికి పట్టదు.

ఆ లోటు తీర్చేది లైన్ ఆఫ్ బ్యాలెన్స్. 1940లలో గుడ్‌ఇయర్ టైర్ల కంపెనీలో మొదలై, అమెరికా నౌకాదళం చేతుల్లో పదునెక్కిన ఈ పద్ధతిలో అడ్డంగా రోజులు, నిలువుగా అంతస్తులు గుర్తిస్తారు. ఒక్కో బృందానికి ఒక్కో ఏటవాలు గీత. గీత ఎంత నిటారుగా ఉంటే పని అంత వేగం.

అంతస్తుకు ఇటుక పనికి 6 రోజులు, ప్లాస్టరింగ్‌కు 4, టైల్స్‌కు 6 అనుకుందాం. క్యూరింగ్ రోజుల లెక్క ప్రస్తుతానికి వదిలేద్దాం. 7వ రోజునే ప్లాస్టరింగ్ మొదలుపెడితే, ఆ బృందం ప్రతి అంతస్తు తర్వాతా 2 రోజులు గోడల కోసం ఆగాలి; మొత్తం 18 రోజులు. ఊరికే కూలి ఇవ్వాలి, లేదా వారు వేరే సైటుకు పోతారు. అలా పోయిన మేస్త్రీని మళ్లీ పట్టుకోవడం ఎంత కష్టమో ఇల్లు కట్టించినవారికి తెలుసు. పోనీ అని ప్లాస్టరింగ్‌ను 25వ రోజున మొదలుపెడితే ఎక్కడా ఆగకుండా 64వ రోజున ముగుస్తుంది. ముందే మొదలుపెట్టినా అది ముగిసేది 64వ రోజునే. కాని టైల్స్ పని 29వ రోజు దాకా మొదలుకాదు కనుక, 7వ రోజున మొదలుపెడితే 70 రోజుల్లో పూర్తయ్యే భవనానికి 88 రోజులు పడుతుంది.

మూడో దారి ఉంది. ప్లాస్టరింగ్‌లో మనుషులను తగ్గించి, అంతస్తుకు 6 రోజులు పట్టేలా చేస్తే మూడు గీతలూ సమాంతరమవుతాయి. ఎవరూ ఆగరు, 72వ రోజుకు పని పూర్తి. ఒక బృందం నెమ్మదిస్తే 16 రోజులు కలిసిరావడం మొదట నమ్మబుద్ధి కాదు.

వేగాలు ఇలా కలిపేందుకు ప్రయత్నించిన ఉదాహరణ ఒకటి ఉంది. 1930 మార్చి 17న నిర్మాణం మొదలైన న్యూయార్క్‌లోని 102 అంతస్తుల ఎంపైర్ స్టేట్ భవనం 1931 మే 1న ప్రారంభమైంది. ఉక్కు చట్రం వారానికి సగటున నాలుగున్నర అంతస్తుల చొప్పున లేచింది. వెనక వచ్చే పనులు అదే ఊపు అందుకునేందుకు అంతస్తుల్లో చిన్న పట్టాలు పరిచి సామగ్రి చేరవేశారు.

వాన, సిమెంటు కొరత, పండుగ సెలవులు మన సైట్లలో గీతలను వంచుతూనే ఉంటాయి. అందుకే బృందాల మధ్య కొన్ని రోజుల ఎడం ఉంచాలి. పని ఆలస్యమైనప్పుడు అన్ని బృందాల్లోనూ మనుషులను పెంచే ముందు, ఏ గీత వాలిపోయిందో చూసి ఆ ఒక్కచోటే పెంచమని సైటు ఇంజినీర్లకు మనవి.