కళ్లెము సడలించిన చికిత్స

ఎదురైన కణమునెల్ల తడిమి చూచి, స్వకీయమో పరకీయమో నిర్ణయించుకొని, పరకీయమైనచో అక్కడికక్కడే సంహరించునట్టి టీ-కణములు మన దేహమునందే అహోరాత్రములు సంచరించుచుండగా, వాని కన్నుల యెదుటనే రాచపుండు ఎట్లు పెరుగుచున్నదను ప్రశ్న వైద్యశాస్త్రజ్ఞులను చిరకాలము వేధించెను. ఈ సైన్యము బలహీనమై యుండునని తలచి, దానిని టీకాలతో పురికొల్పుటకు చేసిన ప్రయత్నములు పలుమారు నిష్ఫలములయ్యెను. లోపము బలమునందు గాక కళ్లెమునందున్నదని తరువాతనే తెలియవచ్చెను.

టీ-కణముపై సీడీ-28 అను ప్రోటీను కలదు. అది గుఱ్ఱమునకు అదిలింపు వంటిది. కణము ఉత్తేజితమైన పిదప సీటీఎల్ఏ-4 అను మఱియొక ప్రోటీను పైకి వచ్చును, ఇది కళ్లెము. ఇవి రెండును బీ-7 అను అణువుకొఱకే పోటీపడును; పట్టు బిగువునందు కళ్లెమునకే ఆధిక్యము. పోరు ముగిసినను చల్లారని సైన్యము స్వదేహమునే దహింపకుండుటకు ప్రకృతి చేసిన కట్టుదిట్టమిది; రాచపుండుకు మాత్రము ఇదియే రక్షాకవచమగుచున్నది.

1994 చివర, కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున, జేమ్స్ అలిసన్ ప్రయోగశాలలో, కణితులు గల ఎలుకలకు ఒక ప్రతిరక్షకమును ఎక్కించిరి. సామాన్యముగా క్రిములను అంటిపట్టుకొను ప్రతిరక్షకము ఇచ్చట స్వసైనికునిపైననే వ్రాలి, సీటీఎల్ఏ-4ను మూతవలె కప్పి, బీ-7 దానికి అందకుండ చేసెను. తొలిదినములలో కణితులు పెరుగుచునే యుండెను; తరువాత పెరుగుట మానెను; ఆపై క్రమముగా కుంచించుకొని అంతర్ధానమయ్యెను. ఆ ఔషధము కణితిని తాకనైన తాకలేదు, సంహారమంతయు టీ-కణములదే.

క్యోటోలో తసుకు హోంజో బృందము 1992లో కనుగొనిన పీడీ-1 కూడ ఇట్టి కళ్లెమేయని క్రమముగా రుజువయ్యెను. చర్మమునకు వచ్చు మెలనోమా అను దారుణ వ్యాధికి, సీటీఎల్ఏ-4ను కప్పు ఇపిలిముమాబ్ 2011లో అమెరికాయందు అనుమతి పొందెను. 2018లో అలిసన్, హోంజోలకు నోబెల్ బహుమానము లభించెను. మెలనోమా మెదడునకు ప్రాకిన అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్, 2015లో శస్త్రచికిత్స, రేడియేషనులతోపాటు పీడీ-1 ప్రతిరక్షకమును కూడ పుచ్చుకొని, కొలది మాసములకే వ్యాధి జాడ కానరాని స్థితికి వచ్చి, నూఱేండ్లు నిండిన పిదప 2024 డిసెంబరులో మరణించెను.

అందఱికిని ఇట్టి భాగ్యము కలుగదు. ముదిరిన మెలనోమాకు ఇపిలిముమాబ్ పుచ్చుకొనినవారిలో రమారమి అయిదింట ఒక వంతు మందియే మూడేండ్లు దాటి జీవించిరి. అయితే అట్లు దాటినవారిలో పెక్కుమంది పదేండ్ల వఱకును నిలిచిరి. మృత్యువే నిశ్చయమనుకొనిన చోట ఈ లాభము అల్పము కాదు.

కళ్లెము సడలిన గుఱ్ఱము ఒక్కొక్కప్పుడు స్వంత పొలమునే త్రొక్కును: ప్రేవులు, ఊపిరితిత్తులు, థైరాయిడ్ గ్రంథి వాపునకు గురియగును. కావున ఈ చికిత్స పొందువారు విరేచనములు గాని, విడువని దగ్గు గాని, ఆయాసము గాని తోచినచో, సామాన్యమని ఉపేక్షింపక, ఆనాడే వైద్యునకు తెలుపవలెను.