‘మోకాళ్లు అరిగాయి’ అనే ముందు

మా తిరువూరులో మేము నమాజు చేసే మస్జిదులో పదిహేనేళ్ల క్రితం గోడవారగా ఒకే ఒక కుర్చీ ఉండేది. నేడు చివరి సఫ్‌లో కుర్చీలే వరుస కట్టాయి. వాటిపై కూర్చొనేవారిని జుమా తరువాత ఒక్కొక్కరినే పలకరించి చూశాము. అందరి నోటా ఒకటే సమాధానం: “మోకాళ్లు అరిగాయి, హజ్రత్!” ఈ మాట చెప్పినవారిలో డెబ్బై దాటిన పెద్దవారు ఉన్నారు, ముప్పై నిండని యువకుడూ ఉన్నాడు. నిలబడలేనివారు కూర్చొని నమాజు చేయవచ్చునని ధర్మం రుఖ్సత్ ఇచ్చింది. నమాజుకు ఇచ్చిన ఆ సౌలభ్యాన్ని మనవారు జబ్బుకు కూడా ఇచ్చివేశారేమోనని మాకు అనిపించింది.

కీళ్లవాతంలో నూరుకు పైగా రకాలున్నాయని వైద్యులు చెబుతారు. మన పూర్వపు హకీములు కూడా అన్నిటినీ ఒకే గాటన కట్టలేదు. కీళ్లనొప్పులను వజవుల్ మఫాసిల్ అనీ, పాదాన్ని పట్టేదానిని నిఖ్రిస్ అనీ, తుంటి నుండి కాలిలోకి పాకేదానిని ఇర్ఖున్నిసా అనీ వేరు చేశారు. మేము వైద్యులము కాము. అయినా వైద్యులను అడిగి తెలుసుకొన్న దానిలో ముఖ్యమైన ప్రశ్న ఒకటి ఉన్నది. ఉదయం లేచిన తరువాత కీళ్ల బిగువు ఎంతసేపు ఉంటున్నది?

నిజంగా అరిగిన మోకాలైతే ఆ బిగువు అరగంటలోపే వదులుతుంది. నడిచినకొద్దీ, మెట్లెక్కినకొద్దీ నొప్పి పెరిగి, కూర్చుంటే తగ్గుతుంది. సజ్దా నుండి లేచేటప్పుడు కీలు కరకరమంటుంది. వయసు, బరువు పెరిగినవారిలో ఇది ఎక్కువ. తొడ కండరాల వ్యాయామం, బరువు తగ్గించుకోవడం దీనికి మొదటి మందులు.

రుమటాయిడ్ ఆర్థరైటిస్ నడక దీనికి పూర్తిగా భిన్నం. దేహాన్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే కీళ్లపై దాడి చేయడం దీని మూలం. పురుషులకంటే స్త్రీలలో రెండు మూడు రెట్లు ఎక్కువ. అదీ తరచు ముప్పై, యాభై ఏళ్ల మధ్య. ఫజ్ర్‌కు లేచిన ఇల్లాలు వుజూ కోసం కుళాయి తిప్పలేదు. రొట్టెల పిండి పిసకలేదు. నిన్నటిదాకా వదులుగా ఉన్న ఉంగరం వేలిని పట్టివేస్తుంది. బిగువు అరగంట దాటి గంట, ఒక్కొక్కప్పుడు ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. రెండు చేతులలోనూ వేళ్ల మొదళ్లు, నడిమి కణుపులు, మణికట్లు వాస్తాయి. ముసాఫహా చేసినప్పుడు ఎదుటివారు చేయి కాస్త నొక్కితే చాలు, ప్రాణం పోయినట్లవుతుంది. నీరసం, సన్నని జ్వరం తోడవుతాయి. మిరపకోతకో పత్తి తీతకో వెళ్లే స్త్రీ దీనిని పనివల్ల వచ్చిన నొప్పి అనుకొంటుంది. కాని పనినొప్పి రాత్రి విశ్రాంతితో తగ్గాలి. ఇది రాత్రి విశ్రాంతి తరువాతే ఎక్కువవుతున్నది.

ఇక్కడ ఆలస్యానికి వెల ఎక్కువ. ఎముక కరగడం తరచు మొదటి రెండేళ్లలోనే ఆరంభమవుతుంది. వాపు కనిపించిన మూడు నెలల్లోపు చికిత్స మొదలైతే వేళ్లు వంకరపోకుండా ఆపగల అవకాశం ఎక్కువ. రక్తంలో ఆర్.ఎ. ఫ్యాక్టర్ లేదన్నంత మాత్రాన జబ్బు లేదని కాదు. అది కొందరిలో కనబడదు. దీనికి ఎక్కువగా వాడే మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ మింగి ప్రాణాలు పోగొట్టుకొన్నవారున్నారు. గర్భిణులు దానిని వాడకూడదు. బిడ్డను కోరుకొనేవారు ముందే వైద్యునితో మాట్లాడాలి.

నిఖ్రిస్, అనగా గౌట్, అర్ధరాత్రి దొంగలా వస్తుంది. కాలి బొటనవేలి మొదలు ఎర్రగా వాచి దుప్పటి తగిలినా ఓర్వలేరు. బక్రీదు దినాలలో కలేజీ, గుర్దా మితిమీరి తిన్నవారికి ఈ అనుభవం కొత్త కాదు. దాడి సమయంలో యూరిక్ యాసిడ్ మామూలుగానే చూపవచ్చు, కనుక రెండు వారాల తరువాత మళ్లీ చూడాలి. హకీములు దీనికి వాడిన సూరంజాన్‌లో ఉన్న కాల్చిసిన్‌నే నేటి వైద్యులూ వాడుతున్నారు. అయితే మోతాదు కొంచెం దాటినా అది విషమే. సొంతంగా దంచుకొని మింగేది కాదు.

యువకుల విషయం వేరు. నడుము నొప్పి మూడు నెలలు దాటి, తెల్లవారుజామున నిద్రలేపి, నడిస్తే తగ్గుతూ ఉంటే వెన్నెముక కీళ్లవాతాన్ని అనుమానించాలి. దానితోపాటు కన్ను ఎర్రబడి నొప్పి పెడితే అనుమానం బలపడుతుంది. ఎక్స్‌రే కొన్నేళ్లపాటు బాగానే కనిపించవచ్చు.

2005 చివర మన రాష్ట్రంలో తలెత్తి 2006లో ఊరూరా పాకిన చికున్‌గున్యాను చాలామంది మరచిపోయారు. ఆ జ్వరం తగ్గినా కీళ్లనొప్పి నెలల తరబడి ఉండవచ్చు. కనుక ఈ మధ్య వచ్చిన జ్వరం సంగతి వైద్యునికి చెప్పాలి. ఒకే కీలు హఠాత్తుగా వాచి, కాలిపోతూ, జ్వరం కూడా ఉంటే అది కీలులో చీము కావచ్చు. ఆ రోజే పెద్దాసుపత్రికి చేరాలి.

మా ఊళ్లలో దీనికి భిన్నంగా జరుగుతున్నది. దుకాణంలో నొప్పి మాత్ర, లేదంటే పేరులేని పొడి. ఆ పొడులలో కొన్నింటిలో స్టెరాయిడ్ కలుపుతారు, అందుకే అంత త్వరగా ‘పని చేస్తాయి’. మాకు పొరుగున ఉన్న ఎ.కొండూరు తండాలలో కిడ్నీ జబ్బు ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో అందరికీ తెలుసు. బలహీనపడిన కిడ్నీకి నొప్పి మాత్ర మరింత హాని చేస్తుంది.

ఇవన్నీ మేము ముందే తెలిసి చెబుతున్నవి కావు. కొన్నేళ్ల క్రితం మా వద్ద హిఫ్జ్ చేసే తొమ్మిదేళ్ల బాలుడు ఫజ్ర్ తరువాత పాఠానికి కూర్చొనేటప్పుడు ఒక కాలు చాచి కూర్చొనేవాడు. అదబు కాదని మందలించాము. జుహర్ వేళకు వాడే పరుగెత్తి ఆడేవాడు. అది చూసి బద్ధకమేనని నిశ్చయించుకొన్నాము. వాడు నొప్పి అని ఏనాడూ అనలేదు. ఒకనాడు వాడి తల్లి వచ్చి, “హజ్రత్, సెలవుల్లో ఇంట్లో కూడా తెల్లవారితే కుంటుతున్నాడు. కొట్టినా మారడం లేదు” అన్నది. అప్పుడు పైజామా పైకి తీసి చూస్తే ఒక మోకాలు రెండోదానికంటే లావుగా, వెచ్చగా ఉన్నది. విజయవాడ తీసుకువెళ్తే పిల్లలలో వచ్చే కీళ్లవాతమన్నారు. పదహారేళ్లలోపు పిల్లలకు కీలు వాపు ఆరు వారాలు దాటితే దీనిని వెదకాలట. నొప్పి లేకుండానే కంటి లోపల కూడా వాపు రావచ్చునని కళ్ల పరీక్ష కూడా చేయించారు. కళ్లు బాగున్నాయి, అల్‌హందులిల్లాహ్. మోకాలు మాత్రం ఏడు నెలలుగా వాచి ఉన్నందున పూర్తిగా చాపడం రాలేదు; వ్యాయామంతో కొంత వచ్చింది, కొంత మిగిలిపోయింది.

వాడు ఖుర్‌ఆన్ పూర్తి చేశాడు. మొన్న రమజానులో తరావీహ్ చదివించాడు. ఖాదాలో కుడికాలు ఇంకా కొంచెం పక్కకే ఉంటుంది. ఆ కాలిని చూసినప్పుడల్లా వాడిని మందలించిన ఉదయాలు మాకు గుర్తుకు వస్తాయి. ఇప్పుడు ఫజ్ర్ తరువాత ఎవరైనా కాలు చాచి కూర్చుంటే ముందు మోకాలు చూస్తున్నాము.